శాంతి - సంతోషము - గ్రుడ్డట్టు

1989వ సంవత్సరము జూలై 1వ తేది శనివారము. పశ్చిమ బెర్లినులో కుర్‌ఫ్యుర్‌స్టెన్‌డమ్ అను విశాలమైన రాజవీథి కలదు. పెద్ద పెద్ద అంగళ్ళకును, కాఫీశాలలకును అది పెట్టినది పేరు. ఆనాడు ఆ వీథిని పోవువారు ఒక వింతను చూచిరి. లౌడ్‌స్పీకర్లు కట్టిన కొన్ని బండ్లు మెల్లగా సాగుచుండెను. వాని నుండి తాళము తప్పని మోత యొకటి ఎడతెగక వెలువడుచుండెను. వాని వెంట సుమారు 150 మంది యువతీయువకులు నృత్యము చేయుచు నడచుచుండిరి. పోలీసులు త్రోవ కాచుచుండిరి. ఊరేగింపన్న తరువాత ఒక నినాదముండవలెను గదా! దీనికిని ఉండెను. అయితే అది ఏ రాజకీయ పక్షమువారి నినాదమును పోలియుండలేదు. "శాంతి, సంతోషము, గ్రుడ్డట్టు" - ఇదియే వారి నినాదము.

జర్మను భాషలో ఈ మూడు మాటల కూడిక ఒక నానుడి. లోపల ఎన్ని కలతలున్నను పైకి అంతయు చక్కగా నున్నట్లు నటించువారిని ఎత్తిపొడుచుటకు దానిని వాడుదురు. ఊరేగింపువారు ఆ నానుడిని తలక్రిందులు చేసి దానికి క్రొత్త అర్థము కల్పించిరి. శాంతి యనగా ఆయుధములను విడనాడుట. సంతోషమనగా సంగీతము ద్వారా జాతుల నడుమ కలుగు అవగాహన. గ్రుడ్డట్టు అనగా లోకములోని అన్నము అందరికిని న్యాయముగా పంపకమగుట. ఎగతాళి మాటను నిజమైన కోరికగా మార్చిన ఆ చమత్కారమే ఆ ఉత్సవమునకు పునాది. దానికి వారు పెట్టుకొన్న పేరు 'లవ్ పరేడ్', అనగా ప్రేమయాత్ర.

ఈ ఊహ డాక్టర్ మొట్టె యను పేరుతో ప్రసిద్ధుడైన మత్తియాస్ రోయింగ్ అను సంగీతకారునిది. గ్రామఫోను రికార్డులను ఒకదానితో నొకటి మేళవించి రాత్రియెల్ల నృత్యశాలలలో వినిపించుట ఆయన వృత్తి. అమెరికాలో పుట్టి బెర్లినులో స్థిరపడిన డానియెల్ డి పిచ్చోటో యను కళాకారిణి ఆయనకు తోడు నిలిచినది. రాత్రివేళ నేలమాళిగలలో జరుగు నృత్యమును పట్టపగలు నడివీథికి తీసికొని రావలెనని వారి కోరిక. వారు దానిని రాజకీయ ప్రదర్శనగా నమోదు చేయించిరి. ఇందొక ఉపాయము కలదు. జర్మను రాజ్యాంగము 8వ అధికరణము శాంతియుతముగా, నిరాయుధముగా సమావేశమగు హక్కును పౌరులకు ఇచ్చినది. ప్రదర్శన యనిపించుకొన్నచో పోలీసులే త్రోవ తీయుదురు. ముగిసిన పిమ్మట వీథిని ఊడ్చు ఖర్చు నిర్వాహకులపై పడదు. నృత్యమును ఒక అభిప్రాయముగా చెప్పుకొనుట ఆనాడు ఎవరికిని అభ్యంతరముగా తోచలేదు. 150 మంది నృత్యము చేసినచో ఎవరికేమి నష్టము?

ఆనాటి బెర్లిను రెండు ముక్కలైన నగరము. 1961లో కట్టిన కుడ్యము ఇంకను నిలిచియే యుండెను. నాలుగు నెలలు తిరిగి నవంబరు 9వ తేది రాత్రి ఆ కుడ్యపు ద్వారములు తెరచుకొనుననియు, జనులు దానిపై కెక్కి నృత్యము చేయుదురనియు జూలైలో నడచిన ఆ 150 మందిలో ఎవ్వరును కలనైనను తలచియుండరు. 1990 జూలైలో రెండవ యాత్ర సాగునప్పటికి త్రోవ మారలేదు గాని దేశము మారిపోయినది. ఈసారి సుమారు 2,000 మంది వచ్చిరి. వారిలో తూర్పు బెర్లిను యువకులును ఉండిరి. అంతవరకు పాశ్చాత్య సంగీతమును రేడియోలో చాటుగా వినినవారు ఇప్పుడు దాని వెంట బాహాటముగా నడచిరి. రెండు రాజ్యముల పిల్లలకు భాష ఒక్కటే యైనను బడులు వేరు, పుస్తకములు వేరు, నడవడికలు వేరు. ఉపన్యాసము లేకుండ, ఒకరి కొకరు పాఠము చెప్పుకొనకుండ, వారు మొదట కలసికొన్న తావులలో నృత్యశాల ఒకటి.

కుడ్యము కూలిన పిమ్మట నగర మధ్యమున ఎందరికో చెందినట్లును, ఎవ్వరికిని చెందనట్లును అనేక కట్టడములు మిగిలినవి. పాడుపడిన కర్మాగారములు, విద్యుత్కేంద్రములు, గిడ్డంగులు - వాని యజమానులెవరో తేలుటకు సంవత్సరములు పట్టినది. ఆ లోపల యువకులు వానిని తమ చేతులతో శుభ్రపరచి నృత్యశాలలుగా మార్చిరి. 1991 మార్చిలో తెరచిన 'ట్రేజోర్' వానిలో ముఖ్యమైనది. ఆ మాటకు ఖజానా యని అర్థము. అది నిజముగా ఖజానాయే. వెర్ట్‌హైమ్ అను యూదు కుటుంబమువారికి లైప్‌ట్సిగర్ వీథిలో ఒక మహావిపణి యుండెడిది. నాజీలు దానిని వారి చేతినుండి లాగికొనిరి. యుద్ధములో కట్టడము దెబ్బతిన్నది, తరువాత నేలమట్టమైనది. భూమిలోపలి ఖజానాగది మాత్రము మిగిలినది. తుప్పుపట్టిన ఇనుప అరల నడుమ, ధనము దాచిన చోట, రాత్రులందు వందలాది యువకులు నృత్యము చేయసాగిరి. చరిత్ర ఇంత దగ్గరగా నిలిచి చూచిన నృత్యశాలలు లోకమున అరుదు.

ఇక ఆ సంగీతము సంగతి. దాని పేరు టెక్నో. దాని పుట్టుక బెర్లినులో కాదు; అమెరికాలోని డెట్రాయిటు నగరములో. మోటారుకార్ల కర్మాగారములకు పుట్టినిల్లైన ఆ నగరము 1980ల నాటికి పనులు పోయి క్షీణించుచుండెను. ఆ నగరపు పరిసరములలోని బెల్‌విల్ అను ఊరిలో ఒకే పాఠశాలలో చదివిన ముగ్గురు నీగ్రోజాతి యువకులు, హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనువారు, విద్యుత్ యంత్రములతో క్రొత్త సంగీతమును కూర్చిరి. జపానుకు చెందిన రోలండ్ సంస్థ 1980లో 808 అను తాళయంత్రమును, 1983లో 909 అను దానిని విడుదల చేసినది. నిజమైన మద్దెలవలె మ్రోగలేదని 808ను సంగీతజ్ఞులు అంతగా ఆదరింపలేదు. అందుచేత అది పాతసరకుల అంగళ్ళలో చౌకగా లభించినది. పెద్దలు పనికిరాదని పారవేసిన దానిలో పిల్లలు క్రొత్త ధ్వనిని కనుగొనిరి. నిమిషమునకు సుమారు 120 నుండి 150 వరకు సమానమైన దెబ్బలు, పాట తక్కువ, కథ లేదు, మాటలు లేవు. మాటలు లేనందుననే అది ఏ దేశమువానికిని పరాయిది కాలేదు.

ఇందు భారతదేశమునకు సంబంధించిన విశేషము ఒకటి కలదు. బొంబాయి చలనచిత్ర సంగీతములో వాద్యకారుడైన చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలండ్ సంస్థ యంత్రములను సంపాదించి హిందూస్తానీ రాగములు పదింటిని యాంత్రికతాళముపై వాయించి రికార్డు చేసెను. ఆనాడు దానిని కొన్నవారు కొద్దిమంది. ఏండ్ల తరువాత 2010లో ఆ రికార్డు తిరిగి వెలువడగా విన్న పాశ్చాత్యులు నివ్వెరపోయిరి. చికాగోలోను, లండనులోను 1987 ప్రాంతమున క్రొత్తదని చెప్పుకొన్న ధ్వనికి అది ఎంతయో దగ్గరగా నుండెను. ఒకరినొకరు ఎరుగని చేతులు ఒకే యంత్రమునుండి ఒకే విధమైన నాదమును పిండుట కళాచరిత్రలో విడ్డూరము కాదు.

ఇట్టి సంగీతముతో తెల్లవార్లు సాగు సామూహిక నృత్యమునకు ఆంగ్లమున 'రేవ్' అని పేరు. రంగస్థలముపై ఒకరు ఆడగా క్రింద వేలమంది చూచుట ఇందులేదు. వచ్చిన ప్రతివాడును ఆటగాడే. ప్రేమయాత్రలో ఈ లక్షణము పూర్తిగా విరిసినది. ప్రతి సంవత్సరమునకును ఒక క్రొత్త నినాదము. దానికి తగినట్లు, లేక దానికి ఏమాత్రము తగనట్లు, వేషములు. వీథులూడ్చు పనివారు ధరించు నారింజరంగు చొక్కాలను కొందరు వేసికొనిరి. కొందరు జుట్టునకు పచ్చరంగును, నీలిరంగును పూసికొనిరి. కొందరు బొచ్చు బూట్లు తొడిగిరి. పొద్దుతిరుగుడు పూలు పట్టుకొనినవారు కొందరు. మెడలో ఈలలు, చేతిలో నీటి తుపాకులు. జూలై యెండలో ఎవరు ఎవరిపై నీరు చిమ్మినను కోపగించుకొనువారు లేరు. బండ్లపై నున్నవారు మెచ్చదగిన తాళము వేసినప్పుడు క్రిందనున్నవారు ఈలలూది తమ ఆమోదమును తెలుపుదురు. ఆ ఈలయే చప్పట్లు. ఆ ఈలయే పలకరింపు.

వసంతోత్సవములందు రంగునీళ్ళు చల్లుకొనుటయు, తిరునాళ్ళలో పగటివేషములు చూచి నవ్వుటయు ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ వినోదపు ధర్మము కొత్తగా తోచదు. ఆటలో హెచ్చుతగ్గులు కొంతసేపు తొలగిపోవును. బ్యాంకు గుమాస్తాయు, విద్యార్థియు, ఉద్యోగము లేనివాడును ఒకే రకపు ఈల మెడకు కట్టుకొన్నప్పుడు వారిని వేరుచేసి చూపునది ఏమియు లేదు. వేషము మనిషిని దాచుటకు మాత్రమే కాదు; లోపలనున్న పిల్లవానిని బయటికి పిలుచుటకును పనికివచ్చును. అపరిచితులు ఒకరితో నొకరు మాటాడుటకు ఒక నెపము కావలెను. ఆ నెపమునే ఆ ఉత్సవము ప్రతి సంవత్సరము ఒక నినాదము రూపమున వారి చేతికిచ్చుచుండెను.

1991లో 'నా ఇల్లు నీ ఇల్లు, నీ ఇల్లు నా ఇల్లు' అను అర్థమిచ్చు నినాదముతో సుమారు 6,000 మంది నడచిరి. టెక్నోకు సోదరియైన సంగీతమునకు 'హౌస్' అని పేరగుటచే ఆ మాటలో శ్లేష కూడ కలదు. మరుసటి సంవత్సరము సుమారు 15,000, 1993లో 30,000. 1990ల నడుమ సంఖ్య లక్షలకు చేరినది. కుర్‌ఫ్యుర్‌స్టెన్‌డమ్ వీథి ఇక చాలలేదు. 1996లో 'మనమంతా ఒకే కుటుంబము' అను నినాదముతో యాత్ర టియర్‌గార్టెన్ అను మహోద్యానము నడుమగా పోవు జూన్ 17వ తేది వీథికి మారినది. 1953లో తూర్పు జర్మనీ కార్మికులు తిరుగుబాటు చేసిన దినము పేరు ఆ వీథికి పెట్టబడినది. 1997లో పది లక్షలు, 1999లో పదునైదు లక్షలు వచ్చిరని ప్రకటింపబడెను. పిట్ట కొంచెము, కూత ఘనము అనినట్లు పదేండ్లు తిరుగక మునుపే ఆ చిన్న ఊరేగింపు ప్రపంచ వార్త యైనది. 1992లో స్విట్జర్లండులోని జ్యూరిచ్ నగరమును ఇట్టి యాత్రను ఆరంభించినది.

ఆ వీథి నడుమ విజయస్తంభమొకటి కలదు. డెన్మార్కు, ఆస్ట్రియా, ఫ్రాన్సులపై ప్రష్యావారు గెలిచిన యుద్ధముల జ్ఞాపకార్థము 1873లో అది ప్రతిష్ఠింపబడెను. దాని ఎత్తు 67 మీటర్లు. శత్రువులనుండి పట్టిన ఫిరంగి గొట్టములకు బంగారుపూత పూసి దానికి అలంకారముగా అమర్చిరి. నాజీల కాలమున దానిని ఇప్పుడున్న చోటికి తరలించిరి. యాత్రలోని బండ్లు రెండు వైపులనుండి వచ్చి సాయంకాలమునకు ఈ స్తంభము చుట్టును చేరుచుండెను. అప్పుడు డాక్టర్ మొట్టె ఒక చిన్న ప్రసంగము చేయుచుండెను. రాజకీయ ప్రదర్శనమన్నప్పుడు ప్రసంగముండవలెను గదా! ఫిరంగుల క్రింద ఈలలూదుచున్న లక్షలాది యువజనులను చూచినవారికి ప్రసంగముకంటె ఆ దృశ్యమే ఎక్కువ చెప్పినది. ఆ జాతి తాతలు ఆ స్తంభము చుట్టును కవాతు చేసిరి. మనుమలు అడుగు కలుపక, ఎవరి యిచ్చవచ్చినట్లు వారు, నృత్యము చేసిరి.

అయితే ఎంత వెలుగున్నను దీపము క్రింద చీకటి తప్పదు. ఒక దినములో పది లక్షల మంది చేరిన ఉద్యానము గతియేమి? పొదలు త్రొక్కబడెను. మరుగుదొడ్లు చాలక చెట్ల మొదళ్ళు పాడయ్యెను. చెత్త గుట్టలు గుట్టలుగా పడియుండెను. మత్తుమందులును ఈ లోకములో చొరబడినవి. తెల్లవార్లు అలయక నృత్యము చేయవలెనను ఆశతో యువకులు మ్రింగిన మాత్రలు కొందరి ప్రాణములను బలిగొన్నవి. ఈ సత్యమును దాచి ఈ చరిత్ర చెప్పుట తగదు. మరియొక మార్పు మెల్లమెల్లగా వచ్చినది. బండ్లపై నినాదముల స్థానమున వ్యాపారసంస్థల ప్రకటనలు వెలసినవి. దూరదర్శిని సంస్థలు దృశ్యమును ఇంటింటికిని ప్రసారము చేసినవి. పాల్గొనువారికంటె చూచువారు పెరిగిరి. ప్రతివాడును ఆటగాడే యను మొదటి ధర్మము సన్నగిల్లినది.

ఉత్సవము అమ్ముడుపోయినదని భావించిన పాతవారు 1997 నుండి దానికి విరుద్ధముగా వేరొక యాత్రను నడిపిరి. ఇంతలో న్యాయస్థానము ముందుకు ఒక చిత్రమైన ప్రశ్న వచ్చినది: నృత్యము అభిప్రాయమగునా? ఈ ప్రశ్నకు ముందే ఇంగ్లండు వేరొక మార్గమున జవాబు చెప్పియుండెను. అచట 1994లో వచ్చిన క్రిమినల్ జస్టిస్ చట్టము ఆరుబయట రాత్రివేళ జరుగు రేవ్‌లను చెదరగొట్టు అధికారమును పోలీసులకిచ్చుచు, వరుసగా తిరిగి తిరిగి పడు తాళపు దెబ్బలు గల సంగీతమును పేర్కొన్నది. తాళమునకు శాసనములో నిర్వచనము వ్రాయవలసివచ్చుట చదువరులకు వింతగా తోచును.

జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానము 2001 జూలై 12వ తేది తన నిర్ణయమును ప్రకటించెను. కేవలము సంగీతము, నృత్యము ఉన్నంతమాత్రమున సమావేశమనిపించుకొనదు. ప్రజాభిప్రాయ నిర్మాణములో పాలుగొనుట దాని ప్రధానోద్దేశమై యుండవలెను అని దాని సారాంశము. ఆ తీర్పుతో ప్రేమయాత్రకు ప్రదర్శన హోదా పోయినది. ఊడ్చుటకు, కాపలాకు అగు ఖర్చులు నిర్వాహకులపై పడినవి. విరుద్ధ యాత్రవారికిని అదే గతి పట్టినది. కాని వారు పట్టు విడువక పై న్యాయస్థానములకు పోయిరి. ప్రసంగములు, కరపత్రములు గల తమ యాత్ర సమావేశమే యని 2007లో ఫెడరల్ పరిపాలనా న్యాయస్థానముచే అనిపించుకొనిరి. పెద్దయాత్ర పోగొట్టుకొన్న పేరును చిన్నయాత్ర నిలుపుకొన్నది. చెప్పదలచినది స్పష్టముగా చెప్పినవారికి చట్టము తోడుపడును. కేవలము గుంపు పెద్దదైనంతమాత్రమున అది మాటకు మారు కాదు.

ధనము చాలక 2004, 2005 సంవత్సరములందు యాత్ర జరుగలేదు. 2006లో వ్యాయామశాలల వ్యాపారియొకడు దానిని చేపట్టి బెర్లినులో మరల జరిపించెను. డాక్టర్ మొట్టె దానితో సంబంధమును తెంచుకొనెను. ఆపైన యాత్ర బెర్లినును విడిచి పశ్చిమమున బొగ్గుగనులకును, ఇనుప కర్మాగారములకును పేరొందిన రూర్ ప్రాంతమునకు పోయినది. 2007లో ఎస్సెన్, 2008లో డోర్ట్‌మండ్. 2009లో బోఖుమ్ నగరమువారు తమ ఊరు అంత జనమును ఇముడ్చుకొనలేదని ముందే తెలిసికొని మానుకొనిరి. వారిని పిరికివారని ఎగతాళి చేసినవారును ఉండిరి. మరుసటి వంతు డ్యూయిస్‌బుర్గ్ నగరమునకు వచ్చినది.

2010 జూలై 24వ తేది శనివారము. డ్యూయిస్‌బుర్గ్‌లో పాడుపడిన గూడ్సు స్టేషను ఆవరణ ఉత్సవస్థలముగా ఏర్పాటు చేయబడెను. అంతవరకు బెర్లినులో యాత్ర తెరచియున్న వీథిలో సాగినది. ఇచట కంచె కట్టిన ఆవరణలో. లోపల 2,50,000 మందికి మించరాదని అనుమతి. కాని ప్రధానముగా లోనికి పోవుటకును, వెలికి వచ్చుటకును ఒకే ఏటవాలు బాట. ఆ బాటకు చేరుటకు తూర్పునుండి యొక సొరంగము, పడమటినుండి యొక సొరంగము. వచ్చువారు, పోవువారు ఆ బాటపైననే ఎదురుపడిరి. సాయంకాలము 5 గంటల ప్రాంతమున ఆ ఇరుకులో కదలుటకు చోటు లేకపోయెను. ప్రక్కన సన్నని మెట్లదారి యొకటి కనబడగా అటు చేరినచో బ్రతుకుదుమని అందరును ఆశపడిరి. కొందరు స్తంభములెక్కిరి. 21 మంది ఊపిరాడక మరణించిరి. వారి వయస్సులు 17 మొదలు 38 వరకు. గాయపడినవారు 500 మందికి పైగా. ఈ సంగతి తెలిసినచో లోపలి జనము తొక్కిసలాడునని భయపడి నిర్వాహకులు సంగీతమును ఆపలేదు. కొన్ని వందల అడుగుల దూరములో లక్షమంది ఏమియు ఎరుగక నృత్యము చేయుచునే యుండిరి.

మొదట కొందరు పెద్దలు తప్పును జనముపై మోపజూచిరి. యువకులు తొందరపడిరనియు, భయముతో పిచ్చెత్తిపోయిరనియు చెప్పిరి. శాస్త్రజ్ఞులు ఆ మాటను అంగీకరింపలేదు. డిర్క్ హెల్‌బింగ్, ప్రతీక్ ముఖర్జీ అనువారు 2012లో ప్రకటించిన పరిశోధనలో ఆనాటి దృశ్యచిత్రములను పరిశీలించి, ఇది భయోన్మాదము కాదని నిరూపించిరి. ఒక చదరపు మీటరులో ఆరేడుగురికి మించి నిలిచినప్పుడు మనుష్యులు మనుష్యులవలె కదలజాలరు. జనము నీటివలె అలలు అలలుగా ఊగును. ఒకచోట త్రోపు పుట్టినచో అది భూకంపమువలె దూరమునకు ప్రాకును. ఆ త్రోపులో ఏ ఒక్కని తప్పును ఉండదు. వెనుకనున్నవానికి ముందున్నవాని కష్టము కనబడదు, వినబడదు. రొమ్ము వ్యాకోచించుటకు చోటు లేనిచో నిలుచున్నవాడు నిలుచున్నట్లే ఊపిరి విడుచును. కనుక దోషము త్రోసినవానిది కాదు, లెక్క తప్పినవానిది.

లెక్క తప్పినవారెవరో తేలలేదు. 2017 డిసెంబరులో విచారణ ఆరంభమైనది. నగర ఉద్యోగులు ఆరుగురు, నిర్వాహక సంస్థవారు నలుగురు నిందితులు. న్యాయస్థాన భవనము చాలక డ్యూసెల్‌డోర్ఫ్ నగరములోని మహాసభాభవనములో విచారణ జరిగినది. 2019లో ఏడుగురిపైనను, 2020 మే నెలలో మిగిలిన ముగ్గురిపైనను కేసు తీర్పు లేకయే ముగింపబడెను. తప్పు అనేకుల నడుమ పంపకమై, ఒక్కొక్కరి భాగము చిన్నదిగా తేలినది. నగరాధ్యక్షుని మాత్రము ప్రజలు 2012 ఫిబ్రవరిలో వోటువేసి పదవినుండి తొలగించిరి. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లిదండ్రులు పదేండ్లు న్యాయస్థానముల చుట్టు తిరిగి చివరకు ఒక్క పేరైనను వినలేక ఇండ్లకు మరలిరి. ఏటేట జూలై నెలలో ఆ సొరంగము వద్ద దీపములు వెలుగుచున్నవి.

ప్రమాదము జరిగిన మరునాడే ఇక ప్రేమయాత్ర జరుగదని నిర్వాహకులు ప్రకటించిరి. పెద్ద పెద్ద సంఖ్యలను ప్రకటించుటలోనున్న అసత్యమును అప్పుడే బయటపడినది. ఆ చివరి సంవత్సరములలో చాటిన పదునాలుగు లక్షలు, పదునారు లక్షలు అను లెక్కలు నిజమునకు ఎంతయో దూరమని తేలినది. కీర్తికొరకు జనమును హెచ్చించి చెప్పినవారే, వారి భద్రతకు వలసిన అడుగులను, అంగుళములను కొలుచుటలో పొరబడిరి. ఆటను ఆడువారు పిల్లలవలె ఉండవచ్చును, ఉండవలెను కూడ. ఆట ఏర్పాటు చేయువారు మాత్రము పెద్దలై యుండవలెను.

పన్నెండేండ్ల పిమ్మట 2022 జూలై 9వ తేది శనివారము డాక్టర్ మొట్టె బెర్లిను వీథులకు మరల వచ్చెను. 'రేవ్ ది ప్లానెట్' అను క్రొత్త పేరుతో, వ్యాపారము కాని సంస్థగా, రాజకీయ ప్రదర్శనగా నమోదు చేయించి ఆయన యాత్రను నడిపెను. 25,000 మంది వత్తురని తెలుపగా సుమారు రెండు లక్షలు వచ్చిరి. ఈసారి కోరికలు కాగితముపై స్పష్టముగా వ్రాయబడియుండెను. ఈ నృత్యసంస్కృతిని వారసత్వముగా గుర్తింపవలెననునది వానిలో నొకటి. 2024 మార్చిలో జర్మనీ తన దేశపు అభౌతిక సాంస్కృతిక వారసత్వపు పట్టికలో బెర్లిను టెక్నో సంస్కృతిని చేర్చినది. పాడుపడిన ఖజానాలో చాటుగా పుట్టినది ఒక తరము తిరుగకమునుపే జాతి ఖజానాలో చేరినది.

ఇట్టి చరిత్ర ఉపాధ్యాయునికిని, విద్యార్థికిని దూరపు కథ కాదు. పాఠశాల వార్షికోత్సవమైనను, క్రీడాదినమైనను అచట రెండు పనులు జరుగవలెను. పిల్లలు తమ్ము తాము మరచి ఆడవలెను. ఎవరో ఒకరు తమ్ము తాము మరువక తలుపులెన్ని, మెట్లెంత వెడల్పు, ఎందరు పట్టుదురు అని లెక్కించుచుండవలెను. మొదటిది లేనిచో అది ఉత్సవము కాదు. రెండవది లేనిచో అది ఉత్సవముగా ముగియదు. లెక్కించువానికి చప్పట్లు ఉండవు. ప్రమాదము జరుగకపోవుటయే అతనికి బహుమానము. తమ ఊరు చాలదని చెప్పి నిందపడిన బోఖుమ్ నగరమువారి పేరు ఈ కథలో అట్టివారికి గుర్తు.

ఆ మొదటి నినాదములోని మూడు మాటలలో జనులు శాంతిని మెచ్చిరి, సంతోషమును అనుభవించిరి, అట్టును మాత్రము నవ్వుటకు చెప్పిన మాటగా వదలివేసిరి. నిజమునకు ఆ మూడవ మాటయే అన్నింటికంటె బరువైనది. ఉన్నదానిని అందరికిని చాలునట్లు పంచుట దాని అర్థము. డ్యూయిస్‌బుర్గ్‌లో ఆనాడు శాంతికి లోటులేదు. ఎవ్వరును ఎవ్వరితోను కలహింపలేదు. సంతోషమునకును లోటులేదు. లోటైనది ఒక్కటే: మనిషి నిలిచి ఊపిరి పీల్చుటకు వలసిన రెండు మూడడుగుల నేల. అది 21 మందికి పంపకమున అందలేదు.